లంగరు ఎత్తు చేయి



సంఘకాపరి యొకడు ఇనుప యంత్రమును గూర్చి వ్రాయుట చూచి నీవు ఆశ్చర్యపడవచ్చును. నేనును మొదట వ్రాయుటకు సందేహించితిని. అయితే మా సంఘములో ఒక యౌవనస్థుడున్నాడు. అతడు తన కుడిచేతిని పూర్తిగా త్రిప్పలేడు. అన్నము ముద్ద నోటికి తెచ్చుకొనునప్పుడు మోచేయి పైకెత్తి ప్రక్కనుండి తెచ్చుకొనును. ప్రభువు బల్లయొద్ద ముందు ఎడమచేయి చాపి, నా ముఖము చూచి సిగ్గుపడి, మరల కుడిచేయి చాపును. ఆ చేయి అట్లగుటకు నేను బల్ల దగ్గర కూర్చుండి కాగితము మీద చేసిన యొక ఎంపిక కారణము. తీరమందలి సంఘములలో మరికొందరు పెద్ద పడవలు కొని, వాటికి లంగరు ఎత్తు యంత్రములు వెదకుచున్నారని వింటిని. గనుక జరిగినది జరిగినట్లు నీకు చెప్పుచున్నాను.

మాది బోగోలు. రైలు మీద పోవువారు బిట్రగుంట పేరు వినియుందురు. ఆవిరి బండ్ల కాలములో అక్కడ పెద్ద లోకోషెడ్డు ఉండెను. మా నాయన అందులో ఫిట్టరు. ఆయన చొక్కాకు అంటిన నూనె వాసనలోనే నేను పెరిగితిని. పండ్ల చక్రము, బేరింగు, గ్రీజు అను మాటలు నాకు చిన్ననాటివి. ఇనుము సంగతి నాకు తెలియుననెడి గర్వము అప్పటిది. తరువాత హైదరాబాదులో వేదశాస్త్రము చదివితిని. అక్కడ లంగరునకు గ్రీకు మాట ఏమిటో నేర్చుకొంటినేగాని, లంగరును చేతితో పట్టి యెరుగను. అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయములో అనివి, అమరము, బుడుదు, బార అను మాటలు ఎన్నిమారులు చదివితినో! అవి పాత పుస్తకపు మాటలని తలంచియుంటిని. జువ్వలదిన్నె ఇసుక మీద ఒక పెద్దాయన నోట వాటిలో మూడు వినిన దినమున, అవి ఇంకను బ్రతికియున్న మాటలని తెలిసికొంటిని. పడవ ముందరి కొన అనివి. వెనుకటి కొన అమరము. రెండు చేతులు చాచిన కొలత బార, అనగా ఆరడుగులు.

ఈ పెద్దాయన మా సంఘములో మొదటి తరమువాడు. ఆయన అరచేతులు త్రాటి రాపిడికి చెక్కవలె నుండును. ఆయన తండ్రి తెప్ప మీద వేటకు పోయెను. ఆయన తెప్ప మీదను, ఫైబరు పడవ మీదను పోయెను. ఫైబరు పడవకు లంగరు తేలిక. ఇద్దరు నిలువబడి చేతులతో లాగివేయుదురు. సాయంకాలమున పడవను పదిమంది ఇసుక మీదికి తోసికొందురు. 2020 నవంబరులో జువ్వలదిన్నె చేపల రేవునకు శంకుస్థాపన జరిగిన దగ్గరనుండి మావారిలో పెద్ద పడవల ఆశ పుట్టెను. నాలుగు కుటుంబములు కలిసి, చేబదులు కొంతయు నగలు తాకట్టు పెట్టి కొంతయు తెచ్చి, 36 అడుగుల డెక్కుగల పాత పడవ నొకదానిని కొనిరి. ముసలమ్మలకు అది యిష్టము లేదు. 1989 నవంబరులో గే తుపాను కావలి దగ్గర తీరము దాటిన రాత్రిని వారు మరువలేదు. ఇసుక మీదికి తోయరాని పడవ మనకెందుకని వారి ప్రశ్న. ఆ ప్రశ్నలో బుద్ధి లేకపోలేదు. అట్టి పడవ ఎల్లప్పుడును నీటిలోనే నిలువవలెను. నీటిలో నిలుచుట లంగరు వలననే గదా.

ఆ పడవకు ఇరువదియైదు కిలోల లంగరు, దానికి ఇరువది మీటర్ల గొలుసు, ఆపైన పొడవైన నైలాను త్రాడు. ఎనిమిది బారల నీటిలో, అనగా సుమారు పదునైదు మీటర్ల లోతున లంగరు వేసినప్పుడు, గొలుసును అరువది మీటర్ల త్రాడును విడువవలెను. లోతునకు అయిదింతలన్నమాట. అంత విడువకపోయిన యెడల లంగరు ఏటవాలుగా నేలను కొరుకక, మీదికి లేచి దొర్లిపోవును. గాలిలో ఇదంతయు చేతులతో లాగుట నలుగురికిని కష్టమాయెను. పెద్దాయన నడుము పట్టుకొని రెండు వారములు లేవలేదు. అప్పుడు వారందరు నా యొద్దకు వచ్చి, “అయ్యగారా, ఇంగ్లీషు కాగితాలు మీరు చదవగలరు. లంగరెత్తే వించి ఒకటి మంచిది చూసి చెప్పండి” అని అడిగిరి.

నాకు సంతోషమాయెను. దాచుకొననేల? తీరమందు నాకును ఒక పని దొరికినది!

బ్యాటరీతో నడచు యంత్రము మాకు పనికిరాదని మొదటనే తేలిపోయెను. వేయి వాట్ల మోటారు 12 వోల్టుల మీద నడచినయెడల ఎనుబది ఆంపియర్లకు మించి త్రాగును. ఈ పడవకున్నది ఇంజను స్టార్టు చేయుటకు ఒక్క బ్యాటరీ. నడిసముద్రములో అది చచ్చినయెడల లంగరును రాదు, ఇంజనును కదలదు. కావున చేతియంత్రమే కావలెను. నిలువుగా నుండి చుట్టూ తిరుగుచు త్రిప్పెడి రకమొకటి కలదు. దానిలో గొలుసు చక్రమును సగము చుట్టి గట్టిగా పట్టుకొనును. మంచి రకమే. అయితే మా పడవ అనివిలో వలలు, పెట్టెలు పరచినప్పుడు మనిషి చుట్టూ తిరుగుటకు చోటు లేదు. పడుకొనియుండు ఇరుసుగల రకమే మిగిలెను. ఒక పట్టణమందలి పనివాడు అట్టిది చేసి ఇచ్చెదనని కాగితము మీద బొమ్మ గీసి పంపెను. ఆ బొమ్మయే నన్ను మోసపుచ్చెను. బొమ్మలో అబద్ధమేమియు లేదు. నేనే చదువవలసిన సగమును చదివితిని.

అది బావి గిలక వంటి పిడితో త్రిప్పు యంత్రము. పిడి నలుబది సెంటీమీటర్లు. త్రాడు చుట్టుకొను డ్రమ్ము సగము అడ్డము ఆరు సెంటీమీటర్లు. నడుమ పన్నెండింతల గేరు. లెక్క వేసితిని. ఒక కిలో బలముతో త్రిప్పినయెడల ఎనుబది కిలోలు కదలును! నీటిలో వ్రేలాడు లంగరును గొలుసును కలిసి ఏబది కిలోలు. ఇనుము నీటిలో తన బరువులో ఎనిమిదవ వంతు పోగొట్టుకొనును గనుక ఇంకను తేలిక. చంటిపిల్లవాడు త్రిప్పవచ్చునని వారితో చెప్పితిని.

పెద్దాయన బొమ్మను చూడలేదు, నా ముఖము చూచెను. “బారకెన్ని చుట్లు అయ్యగారా?” అని అడిగెను.

“ఎన్నయితే ఏమి తాతా? బలము తక్కువ పట్టుటకే గదా చుట్లు ఎక్కువ” అంటిని.

ఆయన మరల అడుగలేదు. చదువుకొన్నవాని మాటకు అడ్డము చెప్పుట ఆయన మర్యాద కాదు. ఆ మర్యాదను నేను ఒప్పుకోలుగా తీసికొంటిని. సంఘకాపరులకు ఇది సులువుగా పట్టుకొను జబ్బు.

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారమున వారు ఎనిమిది బారల నీటిలో లంగరు వేసియుండిరి. తెల్లవారుజామున ఈశాన్యపు గాలి హెచ్చెను. అలలు పడవ అనివిని ఎత్తి కుదేయ నారంభించెను. లంగరు తీసి బయటికి పోవుదమనుకొనిరి. ప్రశాంతమైన నీటిలో త్రాటిని చేతులతో లాగి, చివరి బరువునకు మాత్రము యంత్రమును వాడుచుండిరి. ఆ దినమున త్రాడు ఒక క్షణము వదులై మరుక్షణము వీణతీగవలె బిగియుచుండుటచేత ఎవరును చేతపట్టలేకపోయిరి. అంతయు డ్రమ్ము మీదనే చుట్టవలసివచ్చెను. త్రిప్పిరి, త్రిప్పిరి, ఎంత త్రిప్పినను త్రాడు వచ్చినట్లు కనబడలేదు. ఒకడు అలసి మరియొకడు పట్టుకొనెను. పెద్దాయన మనుమడు, అప్పటికి పందొమ్మిదేండ్లవాడు, పిడి మీద ఉన్నప్పుడు పెద్ద అల యొకటి అనివిని లేపెను. చక్రము వెనుకకు తిరుగకుండ పట్టియుంచు ఇనుప నాలుక ఒక్కటే ఉండెను. అది విరిగెను. పన్నెండింతల గేరు మనకు బలమిచ్చునప్పుడు ఎంత మంచిదో, వెనుకకు తిరుగునప్పుడు అంత చెడ్డది. డ్రమ్ము ఒక్క చుట్టు జారినయెడల పిడి పన్నెండు చుట్లు తిరుగును. ఆ పిడి పిల్లవాని ముంజేతిని రెండు చోట్ల విరిచెను.

పెద్దాయన అనివి క్రింద చెక్కియుంచిన కత్తి తీసి త్రాడు కోసివేసెను. లంగరు, గొలుసు, త్రాడు సముద్రమునకు పోయెను. మనుష్యులు తిరిగి వచ్చిరి.

ఆ రాత్రి నేను ఆసుపత్రినుండి ఇంటికి వచ్చి, ఆ బొమ్మ కాగితము తీసి, పెద్దాయన అడిగిన లెక్క వేసితిని. పిడి ఒక చుట్టు తిరిగినయెడల త్రాడు మూడు సెంటీమీటర్ల చిల్లర వచ్చును. బారకు ఏబదియెనిమిది చుట్లు. అరువది మీటర్ల త్రాటికి పందొమ్మిది వందల చుట్లు. నిమిషమునకు నలుబది త్రిప్పినను ముప్పాతిక గంటకు పైబడును. ఆ తరువాత ఇంకను ఇరువది మీటర్ల గొలుసు మిగిలియుండును. అది నున్నని డ్రమ్ము మీద జారిపోవును గనుక చేతులతోనే లాగవలెను. గాలి హెచ్చుచుండగా ముప్పాతిక గంట! ఈ లెక్క వేయుటకు నాకు పట్టిన సమయము అయిదు నిమిషములు. ముందు వేసియుండవచ్చును.

ఒక్కరును నన్ను మాట అనలేదు. పిల్లవాని తల్లి నాకు మంచినీళ్లు ఇచ్చి, “మీరు తిన్నారా అయ్యగారా?” అని అడిగెను. ఆ మాట నాకు ఇప్పటికిని బరువే. నేను ఇక యంత్రముల జోలికి రానని పెద్దాయనతో చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “అట్టా అంటే ఎట్టా అయ్యగారా? కాగితం మీరు చదవండి. చెయ్యి మేం పెట్టి చూస్తాం” అనెను.

రెండవ ఎంపిక ఆ విధముగా ఆరంభమాయెను. దానికి ఎనిమిది నెలలు పట్టెను.

ఈ మారు నేను చేపల పడవల సంగతులే గాక, తెరచాప పడవల మీద దేశములు తిరుగువారి సంగతులును చదివితిని. మన నౌకాసేనకు చెందిన తారిణి అను తెరచాప పడవ 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, భూమి చుట్టు తిరిగి, 2018 మే 21న తిరిగి వచ్చినది. అందులోని ఆరుగురు స్త్రీలలో ఇద్దరు తెలుగు ప్రాంతమువారు, విశాఖపట్టణపు స్వాతిగారు, హైదరాబాదు ఐశ్వర్యగారు. అయితే లోకములో తిరుగు చిన్న తెరచాప పడవలలో తరచుగా ఉండునది ఇద్దరే, భర్తయు భార్యయు. వారిలో ఒకరు జ్వరపడినయెడల రెండవవారు ఒంటరిగా లంగరు ఎత్తవలెను. కావున వారు యంత్రమును ఎన్నుకొనునప్పుడు పడవలో బలవంతుడెవడని అడుగరు. బలము తక్కువవారెవరని అడుగుదురు. ఇది చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు బయట తిరిగితిని.

వారు వాడు చేతియంత్రములలో పిడి గుండ్రముగా తిరుగదు. నిడుపైన కడ్డీ నొకదానిని గుంటలో గ్రుచ్చి, చేతిపంపు కొట్టినట్లు ముందుకును వెనుకకును ఆడించుదురు. మంచి రకములో ముందుకు తోసినప్పుడును వెనుకకు లాగినప్పుడును గొలుసు వచ్చుచునే యుండును. ఇనుప నాలుకలు ఒకటికి రెండు ఉండును. ఒకటి విరిగినను రెండవది పట్టును. అన్నిటికంటె ముఖ్యము, కడ్డీ చక్రముతో కలిసి గిర్రున తిరుగదు. పని ఆపిన వెంటనే కడ్డీని గుంటనుండి ఊడదీయవచ్చును, ఊడదీయవలెను. అట్టి యంత్రము నొకదానిని, స్కాట్లాండులోని గ్లాస్గోలో సింప్సన్ లారెన్సు వారు ఒకప్పుడు చేసినదానిని, చెన్నైలో పాత ఓడసామాను అమ్మువాని దగ్గర చూచితిమి. ఒక ప్రక్క గొలుసునకు గుంటలుగల చక్రము, మరియొక ప్రక్క త్రాటికి నున్నని డ్రమ్ము, కడ్డీ గ్రుచ్చుటకు రెండు గుంటలు. ఒక గుంట వడికి, ఒకటి బలమునకు. వదులుగానున్నప్పుడు వడిగా లాగి, లంగరు నేలను పట్టుకొనియున్నప్పుడు మాత్రము బలపు గుంటకు మారవచ్చును. నా మొదటి యంత్రములో బలమే ఉండెను. వడి లేదు.

చూచిన వెంటనే కొనలేదు. పెద్దాయన దానిని వంగి వాసన చూచెను, నవ్వకుము. ఉప్పు తిన్న అల్యూమినియము పెట్టెకు స్టెయిన్లెస్ బోల్టు తగిలిన చోట తెల్లని పొడి రాలును, దానిని ఆయన వ్రేలితో గీకి నాకి చూచెను. మూత విప్పించి లోపలి పండ్లను చూచితిమి. మా నాయన బ్రతికియున్నయెడల సంతోషించునట్టి పండ్లు అవి. పాత గ్రీజు నల్లగా గట్టిపడియుండెను, ఒక స్ప్రింగు విరిగియుండెను. అవి బాగుచేయదగినవే.

తరువాత గొలుసు. ఇందులో చాలమంది డబ్బు పోగొట్టుకొందురు గనుక విను. గుంటల చక్రమునకు ఏ గొలుసైనను పనికిరాదు. ఒక కొక్కెము పడుకొని, దాని తరువాతిది నిలువబడి, ప్రతి కొక్కెము తన గుంటలో పండుకొనవలెను. పది మిల్లీమీటర్ల గొలుసని అంగడిలో అడిగినయెడల రెండు విధములవి ఉండును. ఒకదాని కొక్కెము లోపలి నిడివి 28 మిల్లీమీటర్లు, రెండవదానిది 30. కంటికి రెండును ఒక్కటే. చక్రము మీద పదికొక్కెములు తిరుగులోపల రెండవది గుంట తప్పి ఎగిరిపడును. ఆ పాత చక్రము ఇంగ్లీషు అంగుళముల కొలతది గనుక మాకు ఇంకను చిక్కు. పిల్లవాని తండ్రి ఆ చక్రమును ఊడదీసి, తువ్వాలులో చుట్టుకొని బస్సులో తీసికొనిపోయి, అంగడి అంగడిలో గొలుసు ముక్కలు దానిమీద పెట్టి చూచెను. మూడవ అంగడివాడు విసుగుకొనెను. అయిదవ అంగడిలో కుదిరెను.

మొదటి యంత్రమును డెక్కు పైన బోల్టులు వేసి బిగించితిమి. అది ఊడి రాకపోవుట దేవుని దయ. ఫైబరు డెక్కు పైకి గట్టిగానుండును గాని బోల్టు తల క్రింద అప్పడమువలె నలుగును. ఈ మారు డెక్కు అడుగున అంగుళము మందపు టేకుపలక, దాని క్రింద ఇనుపరేకు పెట్టి, బోల్టులు ఈవలినుండి ఆవలికి దింపి బిగించిరి. ఆ పని పూర్తిగా వారిదే.

డబ్బు ఇచ్చుటకు ముందే పరీక్ష చేసితిమి. అమ్మువానిని బ్రతిమాలి, బయానా కట్టి, యంత్రమును ఊరికి తెచ్చి, బకింగుహాము కాలువ మీది వంతెన దగ్గర దుంగకు బిగించిరి. ఏబదిరెండు కిలోలు తూచి ఇసుక బస్తాలను గొలుసునకు కట్టి క్రిందికి దింపిరి. బలవంతులైన కుర్రవాండ్రు ముందుకు వచ్చిరి. పెద్దాయన వారిని చేతితో ఆపి, “వాడు లాగాల” అని మనుమని చూపెను.

చుట్టునున్నవారు మాటలు మానిరి. వాని తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. పిల్లవాడు కడ్డీని కుడిచేత పట్టబోయి, కాదని ఎడమచేత పట్టెను. కుడిచేయి పైన ఊరక ఆనించెను. నేను గడియారము పట్టుకొని లెక్కించితిని. వడిగుంటలో బారకు పదునైదు ఊపులు. బలపు గుంటలో నలుబది. గొలుసు పైకి వచ్చినది వచ్చినట్లు బస్తాలను మరల దింపుచు, ఎనిమిది బారలు పూర్తియగువరకు ఎత్తించితిమి. అయిదు నిమిషములకు లోపలనే అయ్యెను. నడుమ పెద్దాయన, “వదిలెయ్యరా చెయ్యి!” అని గట్టిగా కేకవేసెను. పిల్లవాడు ఉలిక్కిపడి కడ్డీ వదలి వెనుకకు గంతువేసెను. నాలుకలు టక్కున పట్టుకొనెను. కడ్డీ ఉన్నచోటనే ఊగి నిలిచెను. బస్తాలు కదలలేదు. పెద్దాయన రెండు మారులు ఆలాగే చేసెను. మూడవ మారు పిల్లవాడు గంతువేయలేదు.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, “ఇదే చాలు అయ్యగారా” అనెను. బారకెన్ని చుట్లని అడిగిన సంగతి ఆయన ఆ దినముగాని మరియే దినముగాని నాకు జ్ఞాపకము చేయలేదు.

ఇంకొక సంగతి చెప్పవలెను. యంత్రము కొన్నవారు యంత్రము చేత అన్ని పనులు చేయించవలెనని చూతురు. పడవను గాలికి ఎదురుగా లంగరు దగ్గరకు ఈడ్చుట దాని పని కాదు, అది ఇంజను పని. ఇంజనును మెల్లగా ముందుకు నడుపుచు, వదులైన గొలుసును మాత్రము యంత్రము చుట్టుకొనవలెను. రాత్రియంతయు పడవ బరువును మోయుటయు దాని పని కాదు. లంగరు వేసిన తరువాత గొలుసు బరువును అనివిలోని గుంజకు మార్చి, నడుమ ఒక నైలాను త్రాడు ముక్క కట్టవలెను. నైలాను సాగును గనుక అల దెబ్బను అది మ్రింగును. బురదలో దిగబడిన లంగరును పెరుకుటకు సహితము కడ్డీ మీద వ్రేలాడకూడదు. గొలుసును నిలువుగా బిగించి గుంజకు చుట్టి, ఊరకుండవలెను. అల వచ్చి అనివిని లేపునప్పుడు పడవ తన బరువంతటితో లంగరును పెరుకును. మనిషి చేయలేని పనిని అల చేసిపెట్టును. ఇది ఏ కాగితములోను నాకు మొదట కనబడలేదు. పెద్దాయన తండ్రి కాలమునుండి వారికి తెలిసినదే.

పౌలు ఎక్కిన ఓడవారి సంగతి నీకు తెలియును. ఇరువది బారలు, తరువాత పదునైదు బారలు చూచుకొని, వారు అమరమునుండి నాలుగు లంగరులు వేసిరి. వాటిని మరల ఎత్తిరా? లేదు. తెల్లవారిన తరువాత త్రాళ్లు కోసి నాలుగింటిని సముద్రములోనే విడిచిరి. ఆ ఓడలో రెండువందల డెబ్బదియారుగురు ఉండిరి. ఎత్తుటకు చేతులు తక్కువై కాదు, సమయము లేక. ఈ అధ్యాయమును నేను ఇరువది యేండ్లు ప్రసంగించి, త్రాళ్లు కోసిన మాట దగ్గర ఎప్పుడును ఆగలేదు. పెద్దాయన ఒక్కసారి విని అక్కడనే ఆగెను. “కత్తి దగ్గర పెట్టుకున్నారన్నమాట” అనెను.

మంచి యంత్రము వచ్చినది గదా, ఇక కత్తి ఎందుకని ఒక కుర్రవాడు అడిగినప్పుడు ఆయన జవాబు చెప్పలేదు. గొలుసు పై కొనను పడవకు కట్టుచోట ఇనుప కొక్కెము వేయనీయక, రెండు బారల నైలాను త్రాడు వేయించెను. గొలుసును కత్తి కోయలేదు, త్రాటిని కోయును.

యంత్రము బిగించిన తరువాత మొదటి వేటకు నన్నును రమ్మనిరి. వెళ్లితిని. రాత్రి రెండుమారులు వాంతి చేసికొంటిని, అది వేరే సంగతి. తెల్లవారుజామున చుక్క పొడిచినప్పుడు లంగరు ఎత్తిరి. ఇంజను మెల్లగా కదలెను. పిల్లవాడు అనివిలో మోకాళ్లూని ఎడమచేత కడ్డీ ఆడించుచుండెను. ముందు త్రాడు, దాని వెనుక గొలుసు టకటకమని గుంటలలో పడుచు వచ్చెను. తడి గొలుసునుండి నల్లని బురద నా పంచె మీద చిందెను. ఒకచోట గొలుసు బిగిసి నిలిచెను. పిల్లవాడు కడ్డీ ఊడదీసి ప్రక్కన పెట్టెను, ఎవరును చెప్పనక్కరలేకపోయెను. పెద్దాయన గొలుసును గుంజకు చుట్టి, దానిమీద అరచేయి ఆనించి, తూర్పు వైపు చూచుచు నిలువబడెను. ఒక అల పోయెను. రెండవది పోయెను. మూడవదానికి అనివి లేచి, ఏదో తెగినట్లు తేలిక అయ్యెను.

“వచ్చింది, లాగరా” అని చెప్పి, ఆయన వంగి అనివి క్రింద చేయిపెట్టి తడిమెను. కత్తి అక్కడనే యుండెను. అప్పుడు అమరము వైపు తిరిగి ఇంజను కుర్రవానికి చేయి ఊపెను.